కల్పిత లోకంలో వనగురువుల సంఘాన్ని నిలబెట్టడం ఎలా

కొత్త లోకాన్ని కల్పించి కథ రాసేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు అడవిలో కొందరు గురువులను కూర్చోబెడతారు. తెల్లని వస్త్రాలు, నెరిసిన గడ్డాలు, చేతిలో వంకర కర్ర. కథానాయకుడు గాయపడి వస్తే పసరు పోస్తారు, ఒక జోస్యం చెబుతారు, ఆ తర్వాత కథ ముగిసేదాకా కనిపించరు. వాళ్ళు ఎవరు పెడితే తింటున్నారో, చుట్టుపక్కల ఊళ్ళు వాళ్ళ మాట ఎందుకు వింటున్నాయో రచయిత ఆలోచించి ఉండడు. ఆ లోటు చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఆ గురువులకు మూలమైన డ్రూయిడ్‌ల చరిత్రలో ఒక పెద్ద నవలకు కావలసిన సరుకంతా ఉంది.

రెండువేల ఏళ్ళ కిందట నేటి ఫ్రాన్స్, బ్రిటన్, ఐర్లాండ్ ప్రాంతాల్లోని కెల్టిక్ ప్రజల మధ్య డ్రూయిడ్‌లు ఉండేవారు. ఆ పేరును భాషావేత్తలు చాలామంది రెండు ముక్కలుగా విడదీస్తారు. మొదటిది చెట్టు, అందులోనూ ఓక్ చెట్టు. రెండోది తెలియడం. సంస్కృతం నుంచి మనకు వచ్చిన ద్రుమం, దారువు, విద్య, వేదం అన్న మాటలు ఆ ధాతువులకు దగ్గరి చుట్టాలే. అందువల్ల ఈ విషయం తెలుగు రచయితకు పైకి కనిపించినంత దూరమైనది కాదు.

కాగితం దగ్గర పెట్టుకోండి. మీ సంఘాన్ని మీరు కట్టుకుంటూ రండి, నేను నా ఉదాహరణను వెంట తెస్తాను: ఒకదాని కింద ఒకటిగా ఏడు మడుగులున్న లోయ, ఆ లోయలో మద్దిచెట్ల కింద నివసించే గురువులు.

మొదట పని, తర్వాత దైవం

చాలామంది దేవతల పేర్లతో మొదలుపెడతారు. మీరు అలా చేయకండి. ఈ సంఘం ఊరికి ఏం చేసిపెడుతుందో ముందు తేల్చండి.

గాల్ దేశాన్ని, అంటే నేటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని, జయించిన రోమన్ సేనాని జూలియస్ సీజర్ తన యుద్ధ వృత్తాంతం ఆరో భాగంలో డ్రూయిడ్‌ల గురించి రాశాడు. పూజలు, బలులు వాళ్ళ చేతిలోనే ఉండేవి. దానితో పాటు హత్య జరిగినా, ఆస్తి పంపకంలో తేడా వచ్చినా, గట్టు తగాదా తలెత్తినా తీర్పు చెప్పేది వాళ్ళే. వాళ్ళు యుద్ధానికి వెళ్ళనక్కర్లేదు, పన్ను కట్టనక్కర్లేదు. అంటే ఊరివాళ్ళకు వాళ్ళతో భక్తి వల్లనే కాదు, అవసరం వల్ల కూడా సంబంధం ఉంది.

మీరు ఒక ప్రశ్న రాసుకోండి: ఒక రైతు అర్ధరాత్రి వానలో తడుస్తూ వీళ్ళ దగ్గరికి ఎందుకు వస్తాడు? మూడు జవాబులు రాయండి. మూడింటిలోనూ జబ్బు, జోస్యం తప్ప ఇంకేమీ లేకపోతే మళ్ళీ మొదలుపెట్టండి.

నా లోయలో పై మడుగు నిండితేనే కింది మడుగుకు నీరు అందుతుంది. ఎవరి తూము ఎంతసేపు తెరవాలో చెప్పేవాళ్ళు కావాలి. మన పల్లెల్లో చెరువు నీటిని పొలాలకు పంచే నీరటి ఉండేవాడు. నా గురువుల పూర్వీకులు అలాంటి నీరటులే. తరాలు గడిచేకొద్దీ తూము దగ్గర చెప్పిన మాట తీర్పయింది, తీర్పు ఆచారమయింది, ఆచారానికి ఒక దైవం తోడయింది. ఈ క్రమంలో కడితే దైవం ఎక్కడి నుంచి వచ్చాడన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉంటుంది. గురువులకు ఆ జవాబు తెలియకపోవచ్చు. మీకు మాత్రం తెలిసి ఉండాలి.

వెంటనే తిండి సంగతి తేల్చండి. నా లోయలో ప్రతి కమతం పంటకు కుంచెడు ధాన్యం గురువులకు ఇస్తుంది. ఏడో మడుగు కింద, చిట్టచివర పొలమున్న కుటుంబం కూడా ఇస్తుంది. కరవు ఏడాది వాళ్ళకు చుక్క నీరు రాదు, అయినా కుంచం కొలవాలి. కథలో మొదటి కోపం ఆ ఇంట్లో పుడుతుంది.

ఒకే ఒక్క చెట్టు

అడవి అంతా పవిత్రం అని రాస్తే పాఠకుడికి ఏ చెట్టూ కనిపించదు. ఒక జాతిని ఎంచుకోండి.

క్రీస్తుశకం 79లో మరణించిన రోమన్ రచయిత ప్లినీ, ఓక్ చెట్టు మీద పెరిగే మిజిల్టో మొక్క కంటే డ్రూయిడ్‌లకు పవిత్రమైనది లేదని రాశాడు. మన మామిడి కొమ్మల మీద కనిపించే బదనిక లాంటిదే అది, జాతి వేరు. పక్షి దాని పండు తింటుంది, జిగురు గింజ కొమ్మకు అంటుకుంటుంది, అక్కడే మొలకెత్తుతుంది. వేరు నేలను ఎన్నడూ తాకదు. శీతాకాలంలో ఓక్ ఆకులన్నీ రాల్చి మోడుగా నిలబడితే ఆ మొక్క మాత్రం పచ్చగా ఉంటుంది. పైగా ఓక్ మీద అది చాలా అరుదు. చెట్టు ప్రాణం ఆ గుబురులోకి వెళ్ళి దాక్కుందని ఎవరికైనా అనిపించవచ్చు. పవిత్రత ఇలా కంటికి కనిపించే విషయం నుంచి పుడితేనే నమ్మబుద్ధి అవుతుంది.

మీ చెట్టు గురించి మూడు సంగతులు తెలుసుకోండి: ఎక్కడ పెరుగుతుంది, ఏ కాలంలో ఎలా మారుతుంది, మనుషులు దాన్ని దేనికి వాడతారు. ఏరుమద్ది వాగుల ఒడ్డున పెరుగుతుంది కాబట్టి నీటిని కాపాడేవాళ్ళకు సరిపోయింది. దాని బెరడు పాలిపోయిన రంగులో ఉండి పెచ్చులుగా ఊడుతుంది. దాని ఆకులు దసలి పట్టుపురుగులకు మేత. ఇది తెలిశాక నా గురువుల వస్త్రాలు మారిపోయాయి. తెల్లని వస్త్రాలు తీసేసి, వాళ్ళ చెట్టు తిన్న పురుగు వడికిన తేనెరంగు పట్టు కట్టబెట్టాను. నేత నేసేది ఎవరు, పురుగులు పెంచేది ఎవరు అన్న ప్రశ్నలు వెంటనే వచ్చాయి, రెండు ఊళ్ళు పుట్టాయి.

వాళ్ళను రాయనివ్వకండి

ఈ వ్యాసంలో మీరు ఒక్క మెట్టే పాటించగలిగితే దీన్ని పాటించండి.

డ్రూయిడ్ శిష్యులు కొందరు ఇరవై ఏళ్ళ పాటు చదువుకునేవారని సీజర్ చెప్పాడు. ఆ చదువంతా పద్యాలను కంఠస్థం చేయడమే. లెక్కలకు, ఇతర వ్యవహారాలకు గ్రీకు లిపి వాడేవారు, తమ విద్యను మాత్రం రాయనిచ్చేవారు కాదు. దీనికి సీజర్ ఊహించిన కారణాలు రెండు: విద్య బయటి జనం చేతిలో పడకూడదు, రాత మీద ఆధారపడి శిష్యుల ధారణ మొద్దుబారకూడదు.

ఈ నియమం పెట్టగానే ఏమవుతుందో చూడండి. నాలుగో మడుగు నీటివాటాల తీర్పులన్నీ తెలిసిన ముసలమ్మ పాము కరిచి చనిపోయింది. ఆమె శిష్యురాలు ఇంకా పదకొండో ఏడు చదువులో ఉంది. ఇప్పుడు నాలుగో మడుగు ఎవరిది? అందుకే జాగ్రత్తపడిన సంఘం ప్రతి పద్యాన్నీ కనీసం ముగ్గురి చేత పట్టిస్తుంది. ఆ ముగ్గురూ ఒకే ఊళ్ళో నిద్రపోకూడదు, ఒకే పడవ ఎక్కకూడదు. ఇలాంటి నిషేధాలు పాఠకుడికి ముందు వింతగా కనిపిస్తాయి, కారణం తెలిశాక మరచిపోలేడు.

ధారణ ఎలా సాధ్యమన్న సందేహం తెలుగు రచయితకు రానక్కర్లేదు. వేదపాఠంలో క్రమ, జట, ఘన అనే పద్ధతులు మన ముందే ఉన్నాయి. పదాలను ముందుకు, వెనక్కు, మళ్ళీ ముందుకు తిప్పి చెబుతారు కాబట్టి ఒక్క అక్షరం జారినా దొరికిపోతుంది. అవధాని చుట్టూ అంతరాయాలు కల్పిస్తున్నా చివరికి పద్యాలన్నీ ధారణ చేసి వినిపిస్తాడు. ఇక మన ప్రాస, యతి వినసొంపు కోసమే ఉన్నాయని అనుకోకండి, అవి పద్యానికి కాపలాదారులు. పదం మారితే అవి అరుస్తాయి.

కాబట్టి మీ సంఘం ధర్మాన్ని వివరించకండి, పద్యపాదాలుగా కట్టండి. నా లోయలో మొదటి ధర్మం ఇది:

నిండిన మడుగుకు నిదుర లేదు
ఎండిన మడికి ఎదురు లేదు

నిండిన మడుగు కిందికి నీరు వదులుతూనే ఉండాలి, ఎండిపోతున్న పొలానిదే మొదటి వంతు అని అర్థం. ఇప్పుడు వందేళ్ళ తర్వాత ఒక ధనిక కుటుంబం రెండో పాదాన్ని ‘పండిన మడికి ఎదురు లేదు’ అని పాడించడం మొదలుపెట్టిందనుకోండి. పంట చేతికొచ్చే పొలానిదే మొదటి హక్కు అయిపోయింది. ప్రాస చెడలేదు, కాబట్టి ఊరివాళ్ళు గమనించరు. కానీ మొదటి పాదంలో ‘ని’తో ‘ని’ కలిసినట్టు రెండో పాదంలో ‘ఎ’తో ‘ఎ’ కలవాలి. అక్కడ ‘ప’ వచ్చి కూర్చుంది. ఈ తేడా పట్టగలిగే చెవి ఒక్క పన్నెండేళ్ళ శిష్యురాలికే ఉంది. ఆ పిల్ల మాట ఎవరు వింటారు?

మీరు కూడా ఎనిమిది పాదాలు కట్టండి. ఛందస్సు పూర్తిగా తెలియకపోయినా పరవాలేదు, ప్రాస ఒక్కటి గట్టిగా పట్టుకోండి. తర్వాత వాటిలో ఏ మాట మారిస్తే అధికారం చేతులు మారుతుందో వెతకండి.

ఈ నియమానికి ఒక ద్రోహి కూడా కావాలి. రాత్రిళ్ళు తాటాకుల మీద పద్యాలు గీస్తున్న మనిషిని ఊహించండి. ఆ ఆకులు సంఘానికి మహాపాపం. లోయ తగలబడిపోయిన రోజున మిగిలేవి కూడా అవే. ఆ మనిషిని మీరు ప్రేమతో రాయండి. ఇరవై ఏళ్ళు నిలవలేక ఏడో ఏటే బయటికి వచ్చినవాళ్ళకు కూడా చోటివ్వండి. డ్రూయిడ్‌లతో పాటు పాడే బార్డ్‌లు, శకునాలు చూసే వాటెస్‌లు ఉండేవారని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో చెప్పాడు. నా లోయలో సగం చదువుతో ఆగినవాళ్ళు పెళ్ళిళ్ళలో పాడుకుంటూ బతుకుతారు. వాళ్ళకు తెలిసిన పాదాలు సగమే, అయినా ఊళ్ళో ఎక్కువగా వినిపించేది వాళ్ళ గొంతే.

కాలం ఎవరి చేతిలో ఉంది

1897లో తూర్పు ఫ్రాన్స్‌లోని కొలిన్యీ దగ్గర ఒక కంచు పంచాంగం ముక్కలు దొరికాయి. క్రీస్తుశకం 2వ శతాబ్దం నాటిదని పండితులు భావించే ఆ పలక మీద గాల్ ప్రజల భాషలో ఐదేళ్ళ లెక్క ఉంది: మొత్తం 62 నెలలు, వాటిలో రెండు అధికమాసాలు. మన వేదాంగ జ్యోతిషంలోని యుగం కూడా ఐదేళ్ళే, 62 చాంద్రమాసాలే. చంద్రుణ్ణి, సూర్యుణ్ణి కలిపి లెక్కపెట్టబోయిన ఎవరికైనా అధికమాసం తప్పదు. ఆ పలక మీద కొన్ని నెలలకు మంచివని, కొన్నింటికి మంచివి కావని గుర్తులున్నట్టు పండితులు చదివారు. గాల్ ప్రజలు కాలాన్ని పగళ్ళతో కాక రాత్రులతో లెక్కపెట్టేవారని సీజర్ మాట. ఆ ఒక్క అలవాటు తీసుకుంటే మీ సంభాషణల రంగే మారుతుంది. నా లోయలో ‘మూడు రోజులాగి రా’ అనరు, ‘మూడు రాత్రులు గడిపి రా’ అంటారు.

అధికమాసం ఎప్పుడో ప్రకటించేది గురువులే అయితే అప్పు గడువు, పన్ను గడువు, పెళ్ళి ముహూర్తం వాళ్ళ గుప్పిట్లో ఉన్నట్టే. ఒక రాజు ఆ నెలను కొనాలని చూసే సన్నివేశం మీ కథలో ఉండాలి.

ఒక్క క్రతువును ఖర్చుతో సహా

పది పండుగల పేర్లు చెప్పే బదులు ఒక్కదాన్ని పూర్తిగా చూపించండి. ప్లినీ వర్ణన మంచి నమూనా: చంద్రమానంలో ఆరో రోజు, ఓక్ కింద వంట, అంతకుముందు కాడి మోయని రెండు తెల్లని ఎద్దులు, తెల్లబట్టలతో చెట్టెక్కి బంగారు కొడవలితో మొక్కను కోసే పూజారి, కింద దుప్పటి పరిచి పట్టుకునేవాళ్ళు. బంగారం మెత్తని లోహం, దానితో కొమ్మ తెగదు. పూత పూసిన కంచు కొడవలి అయి ఉంటుందని కొందరి ఊహ. మీరూ ఇలాగే వస్తువును చేతిలో పట్టుకుని చూడండి. ఎద్దులు ఎవరివి, మాంసం ఎవరికి ఏ వరుసలో పంచారు, ఎవరి వాటా తగ్గింది?

వెలి, వారసత్వం

తీర్పు వినని మనిషిని డ్రూయిడ్‌లు బలుల నుంచి బహిష్కరించేవారట. అతను ఎదురుపడితే జనం తప్పుకునేవారు, అతనికి న్యాయం కూడా దొరికేది కాదు. తెలుగులో దీనికి వెలి అన్న పదునైన మాట ఉంది. కత్తి పట్టని సంఘానికి ఇదే ఆయుధం. దాన్ని వివరించకుండా చూపించండి: పొయ్యి ఆరిపోతే నిప్పు ఇచ్చే ఇల్లు లేదు, శవం మోయడానికి నలుగురు రారు.

పెద్దగురువు చనిపోతే అందరికంటే గొప్పవాడు ఆ స్థానంలోకి వస్తాడని, సమానులుంటే ఓటు వేస్తారని, కొన్నిసార్లు కత్తులే తేలుస్తాయని సీజర్ రాశాడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట తొలినాటి నియమాల్లో కూడా డ్రూయిడ్ పాత్రకు పై స్థానాలు లెక్కపెట్టినన్నే ఉండేవి, పైవాణ్ణి ఓడిస్తే తప్ప ఎక్కడానికి లేదు. ఆటకు అది బాగుంటుంది. నవలకైతే ఓటులో ఓడిన మనిషి మిగిలిన జీవితం ఇంకా బాగుంటుంది.

శత్రువు ఏం రాశాడు, నేలలో ఏం మిగిలింది

డ్రూయిడ్‌లు తమ గురించి ఒక్క వాక్యం కూడా రాసి మనకు వదలలేదు. మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం రోమన్లు, గ్రీకులు చెప్పిందే. వాళ్ళను జయించాలనుకున్నవాళ్ళు చెప్పినది కూడా అందులో ఉంది. అల్లిన కొమ్మలతో పెద్ద బొమ్మలు కట్టి మనుషులను లోపల పెట్టి కాల్చేవారన్న సంగతి సీజర్ చెప్పిందే. అందులో నిజమెంతో చరిత్రకారులు ఇప్పటికీ వాదిస్తున్నారు. క్రీస్తుశకం 60 లేదా 61లో రోమన్ సైన్యం వేల్స్ ఒడ్డునున్న మోనా ద్వీపం మీద దాడి చేసింది. నేడు దాన్ని ఆంగ్లసీ అంటారు. నల్లని బట్టలతో కాగడాలు పట్టుకుని పరుగెత్తే స్త్రీలు, చేతులెత్తి శపించే డ్రూయిడ్‌లు ఎదురైతే సైనికులు కాసేపు కొయ్యబారిపోయారని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ తర్వాత పవిత్ర వనాలను నరికేశారు.

అదే ద్వీపంలో రెండో ప్రపంచయుద్ధ కాలంలో విమానాశ్రయం కడుతూ ఒక చిన్న సరస్సు బురద తవ్వితే ఇనుప గొలుసు బయటపడింది. పనివాళ్ళు దానితో కూరుకుపోయిన వాహనాలను లాగారు. అది బందీల మెడలకు వేసే రెండువేల ఏళ్ళ నాటి గొలుసని తర్వాత తేలింది. కత్తులు, రథాల భాగాలతో పాటు దాన్ని కూడా ఎవరో నీటికి అర్పించారు. ఈ సంగతి చదివిన రోజు నేను ఇంకే పనీ చేయలేకపోయాను. ఆ గొలుసు ఎవరి మెడలో ఉండేదో, దాన్ని నీటిలో వదిలినప్పుడు ఆ మనుషులు ఏమయ్యారో టాసిటస్ చెప్పలేదు. మీ సంఘానికి కూడా ఇలాంటి ఒక వస్తువును ఇవ్వండి. వాళ్ళ మంచితనం మీద మీకు ఎంత ప్రేమ ఉన్నా, వాళ్ళ మడుగు అడుగున ఒక గొలుసు ఉండనివ్వండి.

తర్వాత ఒకే సంఘటనను రెండుసార్లు రాయండి: ఆక్రమించే రాజ్యం గూఢచారి నివేదికగా ఒకసారి, లోయ పద్యంగా ఇంకోసారి. రెండూ కలవని చోటే మీ కథ ఉంది.

సంఘం చెప్పుకునే చరిత్రలో ఒక కల్పన కూడా పెట్టండి. 1792లో లండన్‌లోని ప్రిమ్‌రోజ్ కొండ మీద ఇయోలో మోర్గాన్వగ్ అనే పేరుతో రాసే ఒక వేల్స్ తాపీపనివాడు ప్రాచీన బార్డ్‌ల సభ అంటూ క్రతువు జరిపాడు. ఆయన చూపిన పాత పత్రాల్లో చాలావరకు ఆయనే సృష్టించాడని తర్వాత పండితులు తేల్చారు. అయినా ఆ సభ వేల్స్ జాతీయ సాహిత్యోత్సవంలో నేటికీ జరుగుతోంది, జనం దాన్ని గౌరవిస్తున్నారు. కల్పించిన ఆచారం కూడా తరాలు మారేసరికి నిజమైన ప్రేమను సంపాదించుకోగలదు.

పేర్లు

ఒక సంఘానికి ఒకే పేరు ఉండదు. నా గురువులు తమను ద్రుమవిదులు అనుకుంటారు. లోయ జనం మద్దివారు అంటారు. శత్రువులకు వాళ్ళు ఆకుమంత్రగాళ్ళు. ఏ పాత్ర ఏ పేరు పలుకుతుందో చూస్తే ఆ పాత్ర ఎటువైపో పాఠకుడికి తెలిసిపోతుంది.

మన నేల మీద కూడా విగ్రహం లేని కొలువులు, అడవితో ముడిపడిన పూజారులు ఉన్నారు. మేడారంలో రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమికి సమ్మక్కను చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో గద్దెకు తెచ్చేది కోయ వడ్డెలు. వెళ్ళి చూడండి, ఒక నమ్మకం లక్షల మందిని ఎలా నడిపిస్తుందో నేర్చుకోండి. అయితే ఆ తల్లుల కథకు పేర్లు మార్చి మీ లోకంలో అలంకారంగా వాడకండి. ఆ నమ్మకంతో బతుకుతున్నవాళ్ళు ఉన్నారు, ఆ కథ వాళ్ళది.

మొదటి సన్నివేశం

ఇంద్రజాలం గురించి ఇంతవరకు మాట్లాడలేదు, కావాలనే. వాళ్ళకు శక్తులు ఇవ్వాలనుకుంటే చివర ఇవ్వండి, అవి వాళ్ళ పనికి సంబంధించినవే అయి ఉండాలి. నా మద్దివారు నీటి చప్పుడు విని ఎంత దూరంలో గండి పడిందో చెప్పగలరు, అంతే.

మొదటి సన్నివేశంలో అది కూడా వాడకండి. రాత్రి, మూడో మడుగు తూము, పలుగులు పట్టుకున్న ఇద్దరు అన్నదమ్ములు, నిద్రలోంచి లేచి వచ్చిన ఒక గురువు. ఆమె వస్త్రం వర్ణించకండి, వయసు చెప్పకండి. పెద్దవాడు తన వాదన చెబుతాడు, చిన్నవాడు తనది చెబుతాడు. ఆమె ఒక పద్యం అంటుంది. చిన్నవాడు రెండో పాదం వేరేగా విన్నానంటాడు. ఆమె ఒక్క క్షణం ఆగుతుంది. ఆ తర్వాత తూము తలుపు ఆమె చేతనే ఎత్తించండి. నీళ్ళు ఎవరి పొలంలోకి వెళ్ళాయో రాసి, ఆ పూటకు కలం పెట్టేయండి.